నోరు లేని మగవాడు

ఆ ఉదయం లెన్సుగారి పథకం చాలా చిన్నది. సీసాలోంచి మగ పురుగును తీయడం, అది కొత్త జాతని తేల్చి డైరెక్టరుగారి పేరు పెట్టడం, సాయంత్రానికి విభాగాధిపతి కుర్చీలో కూర్చోవడం. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడుతుంటుంది కనుక పరిశోధనాలయంలో అందరూ ఆయన్ను లెన్సుగారంటారు. దాంతో ఆయన పురుగుల కంటే తోటివాళ్ళ తప్పులనే ఎక్కువగా చూసేవారు.

కొమ్మల మీద కాయల్లాంటి బుడిపెలు లేపి, వాటిలో కాపురముండే పొలుసు పురుగులు ఆయన చదువు. ఆడవి బుడిపె గడప దాటవు. ఏ జాతి ఆడదాన్ని చూసినా ఒకటే ముద్ద. ఇది ఫలానా జాతి అని తేల్చాలంటే ఎదిగిన మగదాన్ని పట్టి రెక్కలూ, తోకా, మిగతా అవయవాలూ పరీక్షించాలి. ఆ మగదేమో బయటికొచ్చిన ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. ఆరోజు తొమ్మిది దాటేసరికి, బుడిపె పెట్టి మూసిన సీసాలో రెక్కలున్నదేదో కదిలింది. లెన్సుగారు ఆనందంలో లెన్సు సంగతే మరిచిపోయి, దాన్ని స్పిరిట్‌లో ముంచేసి డైరెక్టరుకు ఫోన్ చేశారు.

ఆ డైరెక్టరు జమాఖర్చుల శాఖ నుంచి కొత్తగా దిగుమతైన మనిషి. పురుగుల సంస్థను ఏలుతున్నా, ఆయనకు పరిచయమున్న పురుగు వంకాయలోది ఒక్కటే.

"సార్, శుభవార్త! మగవాడే! ఇప్పుడే బయటపడ్డాడు. మీ పేరే పెడుతున్నా!"

"నా పేరా! ఎంత అభిమానమయ్యా!" డైరెక్టరు పొంగిపోయారు. "తల్లి ఎలా ఉంది?"

"దానికేం సార్, లోపల పడుంది. కాళ్ళా, రెక్కలా, ఎక్కడికి పోతుంది?"

డైరెక్టరు గొంతు తగ్గింది. "మరి... పిల్లాడు పాలు తాగుతున్నాడా?"

పై అధికారి జోకు వేస్తే నవ్వకపోవడం లెన్సుగారి ఇంటావంటా లేదు. పగలబడి నవ్వారు. "వీడికి నోరే ఉండదుగా సార్! రేపో మాపో పోయేవాడే. పాడైపోతాడని స్పిరిట్‌లో వేసేశా."

అవతల ఫోను కిందపడింది.

డైరెక్టరు భార్య బడిలో హెడ్మిస్ట్రెస్. లెన్సుగారి భార్య అదే బడిలో లెక్కల టీచరు. డైరెక్టరు వెంటనే బడికి ఫోన్ చేసి ఇంటావిడకు సంగతి చెప్పారు.

"ఏం మాట్లాడుతున్నారండీ? ఆవిడ నా కళ్ళెదురుగా భిన్నాలు చెబుతోంది," అందావిడ. "ఆలు ఇక్కడుంది, చూలు లేదు, కొడుక్కి మీ పేరా?"

"అయితే తల్లి ఎవరే?"

ఈ ప్రశ్న రెండో గంట కొట్టేలోపు బడంతా పాకింది. లెక్కల టీచరు సుద్దముక్క కింద పెట్టేసింది. పదేళ్ళ కాపురం ఆ పూటతో తేలిపోవాలనుకుంది.

కాసేపట్లో ప్రయోగశాల నిండిపోయింది. డైరెక్టరు దంపతులు డాక్టరును వెంటబెట్టుకొచ్చారు. డాక్టరు ఎందుకైనా మంచిదని పోలీసును తెచ్చాడు. అందరికంటే ముందు లెక్కల టీచరు వచ్చింది. లెన్సుగారు మాత్రం తన పురుగును చూడటానికి ఊరంతా కదిలొచ్చిందని మురిసిపోయి చొక్కా సర్దుకున్నారు. తెలివి ఉన్నచోట ఇంత సంతోషం ఉండదు.

"ఏడీ వాడు?" అంది భార్య.

"అదిగో, ఇప్పుడే మైక్రోస్కోపు కింద పెట్టా, నేనింకా చూడనైనా లేదు!"

"ఏదీ ఆ మహాతల్లి?"

"ఇదిగో, ఈ బుడిపెలో."

భార్య బుడిపెను చూసింది, మొగుణ్ణి చూసింది. "పురుగా!"

పోలీసు టోపీ తీసి తల గోక్కున్నాడు. డైరెక్టరు మొహం కందగడ్డయింది. "నోరు లేని పురుక్కి నా పేరేంటయ్యా?"

"పెట్టనివ్వండి, అతికినట్టు సరిపోయింది," అంది ఆయన భార్య.

ఆ అవమానం కప్పిపుచ్చుకోవడానికి డైరెక్టరు జీవితంలో మొదటిసారి మైక్రోస్కోపులోకి తొంగిచూశారు. చాలాసేపు చూశారు.

"నోరు లేదన్నావ్. మరి ఈ దవడలేంటి? రెక్కలు కూడా నాలుగున్నాయి."

పొలుసు పురుగుల్లో మగదానికి రెక్కలు రెండే. లెన్సుగారు గబగబా వంగి చూశారు. చిట్టి కందిరీగ! దాని తల్లి ఎప్పుడో బుడిపెలో గుడ్డు పెట్టిపోయింది. పిల్ల లోపలున్న పురుగును తిని బలిసి, ఆ ఇంట్లోంచే దర్జాగా బయటికొచ్చింది.

"అంటే ఏంటయ్యా?"

"అంటే... ఇది వేరేవాళ్ళ బిడ్డ సార్."

"సరే. విభాగాధిపతి కుర్చీకి రెక్కలు లెక్కపెట్టడం వచ్చినవాణ్ణి చూసుకుంటాలే," అని డైరెక్టరు వెళ్ళిపోయారు.

ఆ బిడ్డ తన మొగుడిది కాదని తేలినందుకు ఆ గదిలో సంతోషించింది లెక్కల టీచరు ఒక్కతే.