హారన్‌కు అనుమతి లభించింది

మనిషి తన కంప్యూటర్‌ను కాపాడుకోవడానికి కనిపెట్టిన వాటన్నిటిలోకీ ఘనమైనది యాంటీవైరస్. అది కంప్యూటర్‌ను దొంగల నుంచి, అపరిచితుల నుంచి, అన్నిటికన్నా ముఖ్యంగా దాన్ని కొన్నవాడి నుంచి కాపాడుతుంది.

ఈ సత్యం నకిరేకల్‌లో ఉండే పర్వతాలుకు అరవై ఒకటో ఏట తెలిసింది. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నిజానికి డ్రైవరు కావాలనుకున్నాడు. కొలిచినవాళ్లు ఎత్తు ఒక అంగుళం తక్కువన్నారు. ఆ తర్వాత లక్షలాది జనానికి సీటు చూపించాడు గానీ, తాను కోరుకున్న సీట్లో కూర్చునే యోగం మాత్రం కలగలేదు. కంప్యూటర్లో బస్సు నడిపే ఆట ఒకటుందనీ, దానికి ఎవరూ ఎత్తు కొలవరనీ తెలిసిన రోజే ఊళ్లో పరమేష్ నడిపే కంప్యూటర్ల దుకాణానికి వెళ్లి, ఒక పాత కంప్యూటరూ, బల్లకు బిగించే చిన్న స్టీరింగూ తెచ్చుకున్నాడు. అందులో ‘మహాకవచం’ అనే యాంటీవైరస్ ముందే ఉంది. (పాత యజమాని వాడగా మిగిలిన మూడు నెలలు ఉచితం. తీసేయాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది భద్రతా కారణాల వల్ల ఎవరికీ చెప్పరు.)

ఆట కంప్యూటర్లోకి ఎక్కడం మొదలైంది. తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగింది. ‘అనుమానాస్పద వాహనాన్ని నిర్బంధించాం. అభినందనలు’ అని తెర మీద పడింది.

పర్వతాలు వెంటనే పరమేష్‌కు ఫోన్ చేశాడు. “అరే పరమేషూ, నా బస్సును పట్టుకున్నదిరా గిది!”

“గా ఫైలు దానికి ఎర్కలేదంట కాకా. ఎర్కలేనోళ్లంత దానికి దొంగలే.”

“నాకెర్కనే గదా? నేనే తెచ్చిన గదరా?”

“నువ్వు సుత దానికి ఎర్కలేవు కాకా,” అన్నాడు పరమేష్, ఎంతో మర్యాదగా.

మర్నాడు మహాకవచం కంపెనీకి ఫోన్ చేస్తే, ముప్పు మదింపు అధికారిణి స్నేహలత మాట్లాడింది.

“సర్, ఈ బస్సును మీరు ఎందుకు నడపాలనుకుంటున్నారు?”

“నడపాలని.”

“కారణాల జాబితాలో అది లేదు సర్. ‘ఇతరములు’ అని రాసుకుంటాను.”

దరఖాస్తు ముందుకు పోవాలంటే ఆయన మనిషేనని రుజువు కావాలి. తెర మీద తొమ్మిది బొమ్మలు వచ్చాయి. బస్సులున్నవాటిని గుర్తించాలి. పర్వతాలు నవ్వుకుని, నాలుగు బస్సులను టకటకా నొక్కాడు. తప్పన్నది యంత్రం. ఐదోది వ్యాను. దాన్ని కూడా బస్సేనంటే తప్ప వినదు. మూడుసార్లు ఓడిపోయాడు.

“అమ్మా, ముప్పై ఒక్క ఏండ్లు బస్సులనే బతికిన. నాకు బస్సు గుర్తువట్టరాదా?”

“సిస్టం ప్రకారం రాదు సర్.”

నాలుగోసారి పర్వతాలు కళ్లు మూసుకుని వ్యానును బస్సన్నాడు. మనిషిగా గుర్తింపు పొందాడు.

పదకొండు రోజులకు తీర్పు వచ్చింది. బస్సును మొత్తంగా వదిలితే ప్రమాదం కనుక విడతలవారీగా వదులుతామనీ, తొలి విడతలో హారన్‌కు అనుమతిస్తున్నామనీ అందులో ఉంది. ఆ వారమంతా పర్వతాలు కదలని బస్సు ముందు కూర్చుని హారన్ కొట్టాడు.

వంటింట్లో కందిపప్పు ఏరుతున్న భార్య బిక్షమ్మకు విసుగొచ్చింది. “ఏందయ్యా, బండి కదలదాయె, గా మోతేంది? వాకిట్ల బర్రె బెదురుతాంది!”

“హారన్ వరకే మంజూరైందే,” అన్నాడు పర్వతాలు తల దించుకుని.

రెండో విడతలో అద్దం తుడిచే పుల్లలు వచ్చాయి. మూడో విడతలో బ్రేకు వచ్చింది. కదలని బస్సుకు బ్రేకెందుకని అడిగితే, “ఆపి ఉంచడమే మా ప్రథమ కర్తవ్యం సర్” అంది స్నేహలత. యాక్సిలరేటర్ మాత్రం ‘ముందుకు పోయే స్వభావం’ ఉన్నందున శాశ్వత నిర్బంధంలో పడింది. ఈలోగా ఎక్కడినుంచో ఒక ఉచిత జాతకాల ప్రోగ్రాం వచ్చి, తెరనిండా ప్రకటనలు అంటించింది. మహాకవచం దాన్ని ఏమీ అనలేదు. (అది కంపెనీ భాగస్వామి.)

పర్వతాలు స్టీరింగ్ విప్పి అటక మీద పెట్టేద్దామనుకున్న రోజు ఉదయం, తెర మొత్తం ఎర్రబడింది. ‘మీ రక్షణ గడువు ముగిసింది. మీరు తీవ్ర ప్రమాదంలో ఉన్నారు’.

 పర్వతాలు ఆట తెరిచి, ఇన్నాళ్లూ నిర్బంధంలో ఉన్న యాక్సిలరేటర్ మీట ఒకసారి నొక్కి చూశాడు.

ఇంజను చప్పుడైంది. బస్సు కదిలింది.

ఏ దేశపుదో ఒక ఘాట్ రోడ్డు, మలుపు తర్వాత మలుపు, ఆయన మీదికి వస్తోంది. బిక్షమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, పక్కన పీట వేసుకుని కూర్చుంది.

“యాడికి పోతాంది గీ బస్సు?”

“ఏమో. ఇన్నేండ్లు జనం మొకాలే చూసిన. ముందటి అద్దంలకెల్లి రోడ్డు గింత సక్కగుంటదని నాకెర్కనే లేదే.”

బిక్షమ్మ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, కొంగు సర్దుకుంది. “జర మెల్లగ పోనీ. మలుపులున్నయి.”

రెండో మలుపు దాటుతుండగా ఫోన్‌కు మహాకవచం వారి సందేశం వచ్చింది. రక్షణ లేని కాలంలో జరిగే ఏ నష్టానికీ తాము బాధ్యులం కామని అందులో స్పష్టంగా ఉంది. రక్షణ ఉన్న కాలంలో జరిగినదానికి బాధ్యులెవరో మాత్రం రాయలేదు.