ఏడో వరుస పలకలేదు

"సాయంత్రం మీరు చెయ్యాల్సింది ఒక్కటే. యూనియన్ హాలుకు వెళ్లాలి, కూర్చోవాలి, అయిపోయేదాకా లేవకూడదు," అంది భార్య టీ గ్లాసు చేతికిస్తూ.

"ఒక్కటే అని మూడు చెప్పావు," అన్నాడతను. నైట్ షిఫ్టు దిగి అప్పుడే ఇంటికొచ్చాడు. చొక్కా నిండా దూది నూగు, కళ్ల నిండా నిద్ర.

"ఒక్కటే అనుకుని చెయ్యండి. ఇది తప్పితే పిల్ల వయొలిన్ గోవిందా!"

మిల్లులో అతన్ని అందరూ పదకొండు అంటారు. మగ్గాల షెడ్డులో మనుషులకు పేర్లతో పనిలేదు. ఆ రొదలో పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు కాబట్టి మాటలన్నీ చేతులతోనే. నడిపే వరుస నంబరే మనిషి పేరు, వేళ్లతో చూపిస్తే సరిపోతుంది. పదకొండో వరుసలో అతనెంత కాలం పనిచేశాడంటే, చివరికి అత్తగారు కూడా "పదకొండు నిద్ర లేచాడా?" అని అడిగేది. కిందటి వారమే అతన్ని ఏడో వరుసకు మార్చి, పదకొండును కొత్తగా వచ్చినవాడికి ఇచ్చారు. వరుస మారింది గానీ మనిషి ఇంకా మారలేదు.

ఆ యూనియన్ మంచి యూనియన్. సభ్యుల పిల్లలకు సాయంత్రం చదువులు, బొమ్మలు గీయడం, నాటకాలు, వయొలిన్, అన్నీ ఉచితం. వాయిద్యం కూడా వాళ్లదే. షరతు ఒక్కటే. సభ్యుడు ఏడాదికి ఒక్క కార్యక్రమానికైనా స్వయంగా వచ్చి చివరిదాకా కూర్చోవాలి. లేదంటే పిల్లల సీటు వెనక కాచుకుని ఉన్న మరో కుటుంబానికి వెళ్తుంది. "పిల్లలు కళలు నేర్చుకుంటుంటే పెద్దలు ఇళ్లలో గురక పెడతారా?" అని కార్యదర్శి పట్టుబట్టి పెట్టించిన నిబంధన అది. మన పదకొండు ఆ ఏడాది బొమ్మల ప్రదర్శన రోజు ఇంట్లో నిద్రపోయాడు. నాటకానికి బయల్దేరాడు గానీ దారిలో బెంచీ మీద నిద్రపోయాడు. ఇక మిగిలింది ఈ రోజు జరిగే పిల్లల వయొలిన్ కచేరీ ఒక్కటే.

కూతురి సీటు పోవడమంటే అతనికి ప్రాణం పోయినట్టే. తన చెవుల్లో సగం మగ్గాలకు ఎప్పుడో ధారపోశాడు. కూతురి చెవులైనా ఏదో ఒక మంచి చప్పుడు వినాలని అతని కోరిక. అలాగని ఆ పిల్ల వాయించింది ఒక్కరోజూ పూర్తిగా విన్న పాపాన పోలేదు. అతను పగలు పడుకోవాలి కాబట్టి ఇంట్లో కిటికీలన్నీ మూసి దుప్పట్లు కట్టేస్తారు. బడి నుంచి వచ్చి ఆ పిల్ల తీగల కింద చేతిరుమాలు దూర్చి, ఆ చీకట్లోనే సాధన చేస్తుంది. అది వాయిస్తున్నంతసేపూ అతను హాయిగా నిద్రపోతాడు. ఆపిందంటే మాత్రం మగ్గం ఆగినట్టు ఉలిక్కిపడి లేచి, "ఆపావేం తల్లీ?" అంటాడు. "నీళ్లు తాగుతున్నా నాన్నా" అంటుంది. మళ్లీ వయొలిన్, మళ్లీ నిద్ర.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. ఏడాదంతా ఎగ్గొట్టిన వాళ్లందరికీ అదే ఆఖరి అవకాశం మరి. ఎగ్గొట్టిన వాళ్లంటే ఇంకెవరు, నైట్ షిఫ్టు మొత్తం. భార్య హాలు వెనక గదిలో టీలు అందించే పనికి ఒప్పుకుంది. వెళ్తూ వెళ్తూ మొగుణ్ణి మొదటి వరుసలో, గోడ పక్క కుర్చీలో కూలేసింది.

"ఇక్కడైతే కార్యదర్శిగారి కంట్లో పడతారు. కదలకండి!"

అతను అటూ ఇటూ చూశాడు. కుడి పక్కన, షెడ్డులో యంత్రాలకు నూనె పోసే మనిషి. వాణ్ణి అందరూ నూనెడబ్బా అనే పిలుస్తారు. ఎడం పక్కన గోడ, గోడకు ఇనప పెట్టె, పెట్టెలో హాలు మొత్తానికీ మెయిన్ స్విచ్చు. పక్కన స్విచ్చు ఉంటే అతనికి కాస్త ధైర్యంగా ఉంటుంది. ఒకసారి షెడ్డులో ఎవరిదో చెయ్యి బెల్టులో ఇరుక్కుంటే, కన్నుమూసి తెరిచేలోగా స్విచ్చు లాగి ఆ చెయ్యి కాపాడింది అతనే.

తెర లేచింది. పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఎడమ నుంచి నాలుగోది తన కూతురు. వాళ్ల ముందుకు సంగీతం మాస్టారు వచ్చాడు. పట్నం బడి నుంచి వారానికోసారి వచ్చే మనిషి. మిల్లులో ఏనాడూ అడుగుపెట్టినవాడు కాదు. సభకు దణ్ణం పెట్టి, ప్రేక్షకులు కూడా తాళం వెయ్యాలని చెప్పి, పక్కకు తిరిగి నిలబడి చేతులు పైకెత్తాడు.

అంతే, మొదటి వరుస మొత్తం నిటారుగా కూర్చుంది. చేతులు పైకి లేచాయంటే ఎవరో ఏదో చెబుతున్నారన్నమాట.

మాస్టారు నాలుగో పిల్లవైపు తిరిగి రెండు వేళ్లు గిర్రున తిప్పాడు. 'నాలుగులో పోగు తెగింది' అని షెడ్డు భాషలో దానర్థం. పదకొండు గుండె గతుక్కుమంది. పిల్ల తీగ తెగిందా? ఉన్నపాటున చేతులు తలపైకెత్తి 'ఎక్కడ తెగింది?' అని అడిగాడు. కూతురు గుడ్లు మిటకరించి, 'ఏమీ లేదు, కూర్చో' అని వయొలిన్ కమానుతోనే సైగ చేసింది. పిల్ల దారి తప్పిందనుకుని మాస్టారు ఇంకాస్త గట్టిగా వేళ్లు తిప్పాడు.

'ఏమైంది?' అని నూనెడబ్బా చేత్తో అడిగాడు.

'నాలుగులో పోగు. మనిషేమో లేదంటోంది, మేస్త్రీ ఏమో తెగిందంటున్నాడు.'

ఆ కబురు చేతుల మీదుగా వెనక్కి పాకింది. ఆఖరి వరుసలో ఒకాయన అలవాటుకొద్దీ కొత్త నూలు కండె తేవడానికి బయటిదాకా వెళ్లి, తానెందుకొచ్చాడో తెలియక కాసేపు వరండాలో నిలబడ్డాడు.

ఇంతలో మాస్టారు రెండు అరచేతులూ మెల్లగా కిందికి అదిమాడు. నెమ్మదిగా వాయించమని పిల్లలకు చెప్పాడాయన. 'పై అధికారి వస్తున్నాడు, జాగ్రత్త!' అని హాలు అర్థం చేసుకుంది. అందరూ కాళ్లు దగ్గరికి లాక్కుని తలుపు వైపు చూశారు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కార్యదర్శి లోపలికొచ్చాడు.

"ఓరి నాయనో, అటు తిరిగి నిలబడి కూడా ఎలా కనిపెట్టాడు?" అని నూనెడబ్బా నోరు తెరిచాడు.

ఆ దెబ్బతో మాస్టారి చేతుల మీద అందరికీ గురి కుదిరింది. పదకొండుకైతే తల తిరిగిపోతోంది. ఆయన ఒకదాని తర్వాత ఒకటి చెబుతూనే ఉన్నాడు. నూనె పొయ్యమంటాడు, వద్దంటాడు, మూడో వరుసను పిలుస్తాడు, వెంటనే పొమ్మంటాడు. ఇంత గందరగోళపు షిఫ్టు తన సర్వీసులో చూడలేదు. పైగా రాత్రంతా నిద్రలేదు, పగలు కూడా కచేరీ కంగారులో సరిగా పడుకోలేదు. కళ్లు మూతలు పడుతున్నాయి.

పాట పతాక స్థాయికి వెళ్లింది. మాస్టారు రెండు చేతులూ బార్లా చాపి, పైకెత్తి, గుప్పిళ్లు గభాలున బిగించాడు.

చెయ్యి ఇరుక్కుంది, ఆపు!

ఆ సైగ చూశాక మిల్లులో ఎవడూ ఆలోచించడు. ఆలోచించేలోపు చెయ్యి పోతుంది. పదకొండు ఎగిరి స్విచ్చు కిందికి లాగేశాడు. నాటకాల కోసం కిటికీలకు నల్ల తెరలు కట్టిన హాలేమో, కళ్లు పొడుచుకున్నా కనపడని చీకటి కమ్మేసింది. పిల్లల వయొలిన్లు తలో కూత కూసి ఆగిపోయాయి.

షెడ్డులో అలా ఆపినప్పుడు ఒక కట్టుబాటుంది. ఎవరి వరుస నంబరు వాళ్లు వరసగా అరవాలి. పలకని నంబరు ఎవరిదైతే వాడికి దెబ్బ తగిలినట్టు. అన్ని నంబర్లూ పలికేదాకా స్విచ్చు లాగినవాడు అక్కణ్ణుంచి కదలకూడదు, ఎవరినీ స్విచ్చు వెయ్యనివ్వకూడదు.

"ఒకటి!" అంది చీకట్లో ఒక గొంతు.

"రెండు!" "మూడు!"

"ఇదేమిటండీ?" అని మాస్టారు వేదిక మీంచి అరిచాడు. ఆయనకు నంబరు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"ఆరు!"

తర్వాత నిశ్శబ్దం.

"ఏడు? ఒరేయ్, ఏడూ!" అని నూనెడబ్బా కేకేశాడు. పలుకు లేదు. మిగతావాళ్లు కానిచ్చారు. "పదకొండు!" అన్నప్పుడు మాత్రం రెండు గొంతులు ఒక్కసారే లేచాయి. పాత హాలు కదా, ప్రతిధ్వని అనుకున్నారు అందరూ. మన పదకొండు కూడా అలాగే అనుకున్నాడు.

"ఏడు లేడు! ఏడు పలకడం లేదు!"

హాలు గగ్గోలెత్తిపోయింది. కుర్చీల కింద చేతులు పెట్టి తడుముతున్నారు. ఒకరి కాలు ఒకరు పట్టుకుని "దొరికాడు!" అంటున్నారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నూనెడబ్బా అయితే తన పక్క కుర్చీ ఖాళీగా ఉందని తెలిసీ దాని మీదే ఎక్కి నిలబడి, "ఏడూ!" అని పిలుస్తున్నాడు.

వెనక గదిలో ఆ కేక భార్య చెవిన పడింది. మొగుడి వరుస మారిందని మొగుడు మరిచిపోయినా ఆవిడ మరిచిపోలేదు. "అయ్యో, ఏడంటే మావారే!" అంటూ చేతిలో పళ్లెంతోనే పరిగెత్తింది. గ్లాసులన్నీ భళ్లున పడ్డాయి. ఆ చప్పుడుకు "బెల్టు తెగింది!" అని ఎవరో అరిచారు. పులి మీద పుట్రలా, లేని బెల్టు ఒకటి తెగిందిక.

స్విచ్చు దగ్గర పదకొండుకు ఆ రొదలో ఆడమనిషి ఏడుపు మాత్రం లీలగా వినిపించింది. ఎవరిదో ఆ చెవులకు అందలేదు. 'పాపం, ఏడోవాడి పెళ్లాం కాబోలు' అని మనసు కరిగిపోయింది. 'ఇంటి దగ్గర చిన్నపిల్లలున్నారో ఏమో. అందుకే వాడు జాగ్రత్తగా ఉండాల్సింది.'

"ఎవరయ్యా స్విచ్చు దగ్గర? వెయ్యి!" అని కార్యదర్శి గొంతు చించుకున్నాడు.

అతను పెట్టె మీద రెండుసార్లు గట్టిగా కొట్టాడు. ఇంకా లేదని అర్థం. ఏడు పలకందే ఎవరు చెప్పినా వెయ్యడు.

కార్యదర్శి ఒకప్పుడు మగ్గాలు నడిపినవాడే. "అదీ నిజమే," అని ఊరుకున్నాడు.

వేదిక మీద నాలుగో పిల్లకు తల్లి ఏడుపు వినిపించింది. పెట్టె మీద దెబ్బలూ వినిపించాయి. ఆ పెట్టె పక్కన కూర్చున్నది ఎవరో గుర్తొచ్చి, ఆ రెండూ కలిపి చూసుకుంది.

"మాస్టారూ, నాన్న ఎక్కడున్నాడో నేను కనిపెడతా," అని వయొలిన్ భుజానికి ఆనించింది.

చీకట్లో పాట మొదలైంది. రుమాలు లేని తీగలు నిండుగా పలికాయి. తడుముతున్న చేతులు ఆగాయి, అరుపులు ఆగాయి, తల్లి ఏడుపు కూడా వెక్కిళ్లలోకి దిగింది. ఆ చిన్న పిల్ల ఒక్క స్వరమైనా తడబడలేదు. స్విచ్చు పట్టుకుని నిలబడ్డవాడికి చుట్టూ చీకటి, చెవిలో కూతురి వయొలిన్. ఇంకేముంది, గోడకు ఒరిగి నిలువునా నిద్రలోకి జారాడు.

పాట మధ్యలో పిల్ల టక్కున ఆపేసింది.

సూది పడితే వినపడే నిశ్శబ్దం. గోడ పక్కనుంచి నిద్రమత్తు గొంతు:

"ఆపావేం తల్లీ?"

"దొరికాడు!" అంది కూతురు.

"ఏమండీ! ఏడో వరుస మీరేనండీ!" అని భార్య నవ్వుతో ఏడుపుతో అరిచింది.

"నేను పదకొండు కదూ?"

"వారం నుంచీ ఏడు!"

అతను కాసేపు ఆలోచించాడు. నిజమే. ఇంతసేపూ తాను జాలిపడింది తన పెళ్లాం మీదే. ఇక కట్టుబాటు ప్రకారం గొంతు సవరించుకుని, "ఏడు!" అని గట్టిగా అరిచాడు. ఆ తర్వాతే స్విచ్చు వేశాడు.

వెలుగులో అందరికంటే దిక్కుతోచకుండా ఉన్నది మాస్టారు. "నేనేం చేశానండీ?" అన్నాడు.

"షెడ్డు ఆపమన్నారు," అన్నాడు కార్యదర్శి.

"నేను పాట ముగించమన్నాను!"

"ఇక్కడ రెంటికీ సైగ ఒకటే." కార్యదర్శి అతని వైపు తిరిగాడు. "ఏమయ్యా, నిబంధన తెలుసుగా? చివరిదాకా కూర్చోవాలి. నువ్వు మధ్యలో లేచావు."

పిల్ల వయొలిన్‌ను గుండెలకు హత్తుకుంది. అది చూసి తండ్రి, చెయ్యి కాపాడబోయి కూతురి చేతిలోది ఊడగొట్టాను కదా అని కుమిలిపోయాడు.

"ఒక్క మాట," అన్నాడు మాస్టారు. "అమ్మాయ్, చీకట్లో తప్పులేకుండా ఎలా వాయించావు? మిగతావాళ్లకు చెయ్యే ఆడలేదు."

"మా ఇంట్లో పగలు కూడా చీకటేనండీ. నాన్న నిద్రపోవాలిగా. వెలుతురే నాకు కొత్త."

మాస్టారు ఆ పిల్ల తల నిమిరాడు. తర్వాత కార్యదర్శితో, "చివరిదాకా అన్నారు కదా? చివర ఇంకా రాలేదు. ఆఖరి పాట ఉంది. ఈ అమ్మాయి ఒక్కతే వాయిస్తుంది," అని చెప్పి, ముందుజాగ్రత్తగా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"సరే, కూర్చోమనండి," అన్నాడు కార్యదర్శి.

భార్య వచ్చి నూనెడబ్బాను లేపి ఆ కుర్చీలో కూర్చుంది. మొగుడి రెండు చేతులూ తన చేతుల్లో బిగించి పట్టుకుంది. "ఈ పాట చివర ఎలా ఉంటుందో నాకింతవరకూ తెలీదే. ఇవాళ వింటాను," అన్నాడతను గట్టిగా నిశ్చయించుకుని, కళ్లు చేటంత చేసుకుని.

కూతురు మొదలుపెట్టింది. మొదటి చరణం విన్నాడు. రెండోది సగం విన్నాడు. దీపాలన్నీ వెలుగుతుండగా, మూడోదానికి తల భార్య భుజం మీద వాలింది.

ఆఖరి స్వరం ఆగింది. అతను ఉలిక్కిపడి లేవబోయాడు. భార్య చేతులు వదల్లేదు.

"ఆపావేం తల్లీ?"

"అయిపోయింది నాన్నా!"

చప్పట్లు హోరెత్తాయి. కార్యదర్శి కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నిబంధనను మనసులో మొదట్నుంచి ఓసారి చదువుకున్నాడు.

"కూర్చోవాలని ఉంది, కూర్చున్నాడు. మెలకువగా ఉండాలని ఎక్కడా రాయలేదు."