అసలు నీలగ్రహవాసి మోచేయి

ఏ సినిమాకైనా మూడో భాగం తీయాలంటే కథ అక్కర్లేదు, మొదటి భాగంలోని ముసలివాళ్లు దొరికితే చాలు. ఇది ప్రకృతి ధర్మం. పాత ముఖం తెర మీద ఒక్క నిమిషం కనబడితే ఈలలు పడతాయి, మిగతా సినిమా సంగతి ఎవరూ అడగరు. (అడిగినవాళ్లకు కళాహృదయం లేదని అర్థం.)

అందుకే 2012లో ‘నీలగ్రహం’ మూడో భాగానికి కొబ్బరికాయ కొట్టగానే, నిర్మాతలు అసలు నటుల నిర్ధారణ మండలి అని ఒకటి పెట్టారు. పేట్ బషీరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు, వేదిక మీద పెళ్లికొడుకు కూర్చునే ఎర్ర కుర్చీ, అందులో అధ్యక్షుడు పట్టాభిరామయ్య. ఆయన అఖిలాంధ్ర నీలగ్రహ అభిమాన సంఘానికి కూడా అధ్యక్షుడే. అభిమాని కంటే అసలు సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఆ హాలుకు శామీర్‌పేట నుంచి అబ్దుల్ వచ్చాడు, మనవరాలు ఆఫ్షీన్‌ను వెంటబెట్టుకుని. మొదటి భాగంలో నీలగ్రహవాసి ఆయనే. శామీర్‌పేట చెరువుగట్టు మీద తగరపు డ్రెస్సులో, గాజుకళ్ల ముసుగులో ఉడికిపోయింది ఆయనే. ముఖం ఎవరూ చూడలేదు, పేరు తెర మీద వేయలేదు. వేరే గ్రహం వాడికి శామీర్‌పేట పేరుంటే జనం నమ్మరన్నాడు అప్పటి డైరెక్టర్.

జనం ఇప్పటికీ నమ్మడం లేదు. “మా దాదానే నీలగ్రహవాసి” అని కండ్లకోయ కాలేజీ బస్సులో ఒకసారి నోరు జారింది ఆఫ్షీన్. అప్పటి నుంచి ఆమె బస్సెక్కితే చాలు, పిల్లలంతా వంగి, చేయి నుదుటికెత్తి, నీలగ్రహ వందనం చేసి పడీపడీ నవ్వుతారు. ఈ మూడో భాగంలో ముసుగు తీస్తారట. తీస్తే దాదా ముఖం కనబడాలి, బస్సు నోరు మూతపడాలి. పిల్లకు కావలసింది అంతే.

ఇక ఆ వందనం సంగతి. నీలగ్రహవాసి చెరువులోంచి లేచి, కట్టెలా నిలబడి జనాన్ని చూడాలి. అదీ షాటు. కానీ జనంలో అబ్దుల్‌కు పిల్లనిచ్చిన మామ కనబడ్డాడు. మామ ఎదురుపడితే సలాం చేయకుండా నిలబడే అల్లుడు ఏ గ్రహంలో ఉంటాడు? డ్రెస్సు సంగతి మరిచి వంగి సలాం చేశాడు. రెండోసారి తీయడానికి రీలు లేదు. అట్లాగే ఉంచేశారు. ఆ వంగడం గురుత్వాకర్షణ అనీ, ఆ చేయి మెదడు తరంగాలనీ అభిమానులు పుస్తకాలు అచ్చేశారు.

“మీరే అసలని నమ్మకం ఏమిటండీ?” అన్నాడు పట్టాభిరామయ్య.

“నమ్మకమేంది సార్, నేనే గద. సూడుండ్రి.” అబ్దుల్ వంగి సలాం చేశాడు.

సాంకేతిక సభ్యుడు ఫణిభూషణ్ లాప్‌టాప్‌లో పాత బొమ్మ పెట్టి పోల్చాడు. “మోచేయి బాగా కిందికుందండీ.”

“గప్పుడు తగరం డ్రెస్సు సార్. మోచెయ్యి కిందికి దిగకపోతుండె.”

“తగరమా?” పట్టాభిరామయ్య కుర్చీలోంచి లేచాడు. “అది ఆయన చర్మమండీ!”

ఆఫ్షీన్ ఆగలేకపోయింది. “సార్, గది సలాం. మా దాదా వాళ్ల మామకు జేసిండు. మీరు ఉల్టా మా దాదాకే నేర్పుతున్నరు!”

“నీలగ్రహవాసికి మామగారున్నారని అభిమానులతో చెప్పమంటావా తల్లీ? హాళ్లు తగలబడిపోతాయి.”

మండలి నిష్పక్షపాతంగా తీర్పు చెప్పింది. అసలు నటుడు బుల్లిబాబు. మొదటి భాగం నాటికి ఆయనకు పాలపళ్లు ఊడలేదు, అయినా మోచేయి వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరింది. వయసు మేకప్‌తో వస్తుంది. (పట్టాభిరామయ్యకు బావమరిది కావడం ఆయన అదనపు అర్హత.)

మేడ్చల్ హాల్లో సినిమా పడ్డ రోజు కాలేజీ బస్సు మొత్తం వచ్చింది. ఆఫ్షీన్ రానంటే, “డ్రెస్సన్న మనదే గద బేటా, సూసొద్దాం పా” అని అబ్దులే లాక్కొచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. తెర మీద ముసుగు తొలగింది. బుల్లిబాబు తెల్లగడ్డంతో వంగి సలాం చేశాడు. హాలు హాలంతా లేచి చేయి నుదుటికెత్తింది.

అబ్దుల్ కూడా లేచాడు. ఇంతమంది సలాం చేస్తుంటే బదులియ్యకుండా కూర్చోవడం ఆయనకు చేతకాదు. వంగి, చేయి నుదుటికెత్తాడు.

ముందు వరుసలోని బస్సు పిల్లగాడు వెనక్కి తిరిగి చూసి, జాలిపడ్డాడు.

“గట్ల గాదు తాతా. మోచెయ్యి ఇంకింత మీదికి.”