శ్రావణి ఏ ఇయర్?

ఒక మనిషికి ఒకేసారి రెండు సంవత్సరాల్లో బతికే భాగ్యం ఎక్కడైనా ఉందా? మా చంద్రపూర్ కాలేజీలో ఉంది! దీన్ని పిల్లలకు శాపమని గోల చేసేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

నేను లాల్‌పేట్ బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు హాజరీ రాసినవాణ్ణి. మొదటి షిఫ్టులో దిగిన మనిషిని రెండో షిఫ్టులో కూడా చూపిస్తే నాకు మెమో వచ్చేది. అంత వెనకబడిన పద్ధతి మాది!

కాలేజీలో ఎఫ్‌వై అంటే మొదటి ఏడు, ఎస్‌వై రెండోది, టీవై మూడోది. అమాయకులు ఇంతేకదా అనుకుంటారు. దీనిపైన ఏటీకేటీ అనే వరముంది. తప్పిన సబ్జెక్టును చంకన పెట్టుకుని పై క్లాసులోకి వెళ్లి కూర్చోవచ్చు. మా వాడలో మొగిలి చంకన పట్టనన్ని సబ్జెక్టులు తప్పి ఐదేళ్లుగా ఎస్‌వైలోనే ఉన్నాడు. లెక్చరర్లు మారారు, బెంచీలు మారాయి, అతను మారలేదు. ఇంత నిలకడ ఏ నాయకుడిలో చూశారు?

మా పక్కింటి గట్టయ్య కూతురు శ్రావణిది ఇంకా పెద్ద అదృష్టం. ఎఫ్‌వైలో ఆమె రాసిన కెమిస్ట్రీ పేపరు ఎక్కడో పోయింది. మార్క్‌షీట్ మీద 'గైర్హాజరు' అని వచ్చింది. దరఖాస్తు పెట్టి రెండేళ్లయింది, ఆమె టీవైకి కూడా వచ్చేసింది. పోనీ మళ్లీ రాస్తానంటే, విచారణ నడుస్తోంది, రాయకూడదన్నారు. జవాబులు ఎంత బాగున్నాయో, ఎవరో దాచుకుని చదువుతున్నట్టున్నారు!

మొన్న ఉప్పర్వాహి సిమెంటు ప్లాంటు ల్యాబులో ట్రైనీలు కావాలన్నారు. ఆఖరి ఏడాది చదువుతున్నట్టు కాలేజీ సర్టిఫికెట్ తేవాలి. ఆ ఇంట్లో గని దిగని మొదటి ఉద్యోగం అదే అయ్యేది. కాలేజీ ఆఫీసుకు నేనూ తోడు వెళ్లాను.

క్లర్కు అనంతరావు రిజిస్టరు తిప్పాడు. "ఎఫ్‌వై పూర్తిగాలే. టీవై అని ఎట్ల రాసియ్యాలె?"

"మరి టీవై ఫీజు ఎట్ల తీసుకున్నరు సార్?"

"గా ఫీజు వేరే కౌంటర్ బిడ్డా."

ఎంత చక్కటి పని విభజన!

"నేను పరీక్షకు వచ్చిన సార్. రాసిన," అంది శ్రావణి. ఆ పిల్ల ముఖం చూడలేక నేను గోడమీది నోటీసులు చదువుతూ నిలబడ్డాను.

మంగళవారం ఇంటర్వ్యూలు అయిపోయాయి. బుధవారం కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. శనివారం టీవై వాళ్లకు వీడ్కోలు సభ, తప్పకుండా రావాలట. జాబితాలో శ్రావణి పేరుంది. రాసింది అనంతరావే! సాగనంపేటప్పుడు మాత్రం ఆ పిల్ల ఏ ఇయరో ఎవరూ తడుముకోలేదు.