సున్నా నంబరు గూడు

ఒక పెద్ద అడవిలో, సరిగ్గా వానలకు ముందు, జంతువుల సంఘం సభ్యులకు గూళ్లు పంచాల్సి వచ్చింది. కొండరాతిలో ఒకే కొలతతో, ఒకే వరసలో తొలిచిన ఆరు గూళ్లవి. ఇటు బండ, అటు ఊబి. ఏడోది తొలవడానికి చోటే లేదు.

ఒకటి ఆడ సభ్యురాలికి ఇచ్చి తీరాలని సింహం ఆర్డరు. ఉన్నదొక్కతే ఆడ సభ్యురాలు, ముంగిస నాగరత్తమ్మ. కళ్లు తెరవని పిల్లల్ని పొద కింద దాచి మబ్బుల వైపు చూస్తోంది. చిక్కల్లా మగ సభ్యులే ఆరుగురు కావడం. ఆరోవాడు అధ్యక్షుడు నక్కగారి బావమరిది, మొన్ననే చేరాడు.

"నాగరత్తమ్మకు సున్నా నంబరిద్దాం. మనకు ఒకటి నుంచి ఆరు," అన్నారు నక్కగారు. "ఆర్డరూ నిలబడుతుంది, మన గూడూ పోదు."

"సున్నా అంటే ఏమీ ఇవ్వనట్టేగా?" నసిగాడు ఉడుము.

"ఆడవాళ్లకు గౌరవం ముఖ్యమయ్యా. గూడెందుకు?"

సభ కిసుక్కున నవ్వింది. నాగరత్తమ్మకు ఒళ్లు మండింది. కానీ గూళ్లు చూపించే కొంగ పద్ధతి ఆమె ఎరుగును. మొదటి గూటి ముందు నిలబడుతుంది. చీటీలో ఎంత అంకె ఉంటే అన్ని గూళ్లు దాటుతుంది. ఆగినచోట ముక్కుతో పొడుస్తుంది. అంతకుమించి ఆలోచించదు, ప్రభుత్వోద్యోగి.

"నాకు సున్నాయే ఎక్కువ అన్నయ్యా," అంది వినయంగా. "కాకపోతే చీటీలన్నిటికీ ముద్ర వెయ్యండి. రేపెవరో వచ్చి మార్చమంటే పిల్లలదాన్ని, ఎక్కడికి పోను?"

నక్కగారు మురిసిపోయి ముద్రలు గుద్దారు. పెద్ద అంకె పెద్దవాడిదేనని ఆరు తానే తీసుకున్నారు.

చినుకులు మొదలయ్యాయి. కొంగ సున్నా చీటీ చూసింది. ఒక్క గూడూ దాటే పనిలేదు. నిలబడ్డచోటే పొడిచింది. నాగరత్తమ్మ పిల్లల్ని నోట కరిచి మొదటి గూట్లోకి చేర్చుకుంది.

ఒకటో నంబరువాడికి రెండో గూడు, రెండో నంబరువాడికి మూడోది. ఐదో నంబరు బావమరిదితో వరస అయిపోయింది. కొంగ మాత్రం ఆరు చీటీ పట్టుకుని ఆరు గూళ్లూ దాటి, అవతల బురదలో పొడిచింది. తల పైకెత్తి నడిచొస్తున్న నక్కగారు నడుందాకా దిగిపోయారు.

"ఇదేం గూడురా?"

"ఆరో నంబరండి. ముద్ర తమరిదే."

"ముంగిసను బయటికి లాగి, అందరూ ఒక్కో గూడు మొదటి గూటి వైపు జరగండర్రా."

చివరి గూట్లోంచి బావమరిది తల బయటపెట్టాడు. "ముద్ర మారిస్తే సింహం ఊరుకోడు బావా. వాన తగ్గనీ, చూద్దాం."

నీతి: ఆడదాన్ని లెక్కలోంచి తీసెయ్యదలచినవాడు, లెక్క ఎక్కడ మొదలవుతుందో ముందు ఆమెనే అడగాలి.