కెల్దిబెక్‌కు చుట్టాలు దొరికారు

ఆ రోజు పొద్దున్నే సైకాల్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కారా-బెల్ ఆసుపత్రి ల్యాబ్‌లో నాణ్యత చూసే ఉద్యోగం ఆమెకు కొత్తగా ఇచ్చారు, మధ్యాహ్నం రాజధాని బిష్కెక్ నుంచి తనిఖీ అధికారి వస్తున్నాడు, ఆయన సరే అంటే ల్యాబ్ ఉంటుంది, కాదంటే మూసేస్తారు, ఇక చిన్న రక్తపరీక్షకు కూడా ఊరి జనమంతా కనుమ దాటి వెళ్లాల్సిందే. అందుకని ఆయనకు చూపించడానికి ఆమె ఒక దొంగ రోగిని పుట్టించింది. మిషన్‌ను సరిచూసుకోవడానికి కంపెనీ నుంచి వచ్చే ద్రవం ఉంటుంది, అందులో షుగర్ ఎంతుందో ముందే తెలుసు, ప్రాణం మీదికొచ్చేంత ఎక్కువ. దాన్ని గొట్టంలో పోసి, 'కెల్దిబెక్, మూడో వార్డు' అని చీటీ అంటించి, మిగతా శాంపిళ్ల మధ్య పెట్టేసింది. ఇంత ప్రమాదకరమైన రిపోర్టు వస్తే ల్యాబ్ వాళ్లు వెంటనే వార్డుకు ఫోన్ చేయాలి, అదీ రూలు. చేస్తారో లేదో చూద్దామని తనే వెళ్లి మూడో వార్డు ఫోన్ పక్కన కూర్చుంది.

ఫోన్ మోగలేదు.

ఎందుకంటే ల్యాబ్‌లో జూరాకాన్ అక్క ఆ అంకె చూసి ఫోన్ ఎత్తి, మళ్లీ పెట్టేసింది. చెడ్డ కబురు ఫోన్‌లో చెప్పడం ఆమె ఇంటా వంటా లేదు. చెడ్డ కబురు పెద్దమనిషి చేత చెప్పించాలి, అదీ చుట్టాలను కూర్చోబెట్టి, టీ పోసి, మాట అటూ ఇటూ తిప్పి. ఆమె గేటు దగ్గర కాపలా ఉండే అసనాలి తాతను తట్టి లేపింది.

"తాతా, కెల్దిబెక్ అని ఎవరో ఉన్నాడు. ఆ షుగర్‌తో ఇంకా ఊపిరి ఆడుతుండడమే గొప్ప. వాళ్లవాళ్లకి నువ్వే మెల్లగా చెప్పాలి."

"ఏ వంశం?"

"గొట్టం మీద వంశం రాయరు తాతా."

"అదే మీ ల్యాబ్‌లో లోపం," అని తాత తెల్ల టోపీ సర్దుకుని కెల్దిబెక్ చుట్టాలెవరో అడగడానికి ఎదురుగా ఉన్న బజారుకు నడిచాడు.

ఏడు తరాల తాతల పేర్లు గడగడా చెప్పలేనివాడిని మనిషి కింద లెక్కెయ్యని ఊరు అది. సొంత చుట్టాన్ని ఎరగనని నలుగురిలో ఎవరు ఒప్పుకుంటారు?

"మా కెల్దిబెకేనా? పొడుగ్గా ఉంటాడు, వాడేనా?" అన్నాడు మాంసం కొట్టు తాబల్ది.

"పొడుగేంటి నీ మొహం, పొట్టి. మా మేనత్త వైపు," అంది టోపీలమ్మే బురుల్చా.

ఇద్దరూ అతని ఎత్తు గురించి కొట్లాడుకుంటూనే మూడో వార్డులోకి వచ్చేశారు, వెనక ఇంకో డజను మంది బంధువులు, ఒక గొర్రె.

"ఎక్కడమ్మా మావాడు?"

నిజం చెబితే ప్లాను పాడు, అధికారికి చూపించడానికి వేరే ఏమీ లేదు. "ఇప్పుడే... అలా బయటికెళ్లాడు," అనేసింది సైకాల్.

"ఆ షుగర్‌తోనా?" అని అందరూ ఆసుపత్రంతా చెదిరిపోయారు. ఇక తప్పక సైకాల్ కూడా తను పుట్టించినవాణ్ని పెరట్లో వెతకడానికి వెళ్లింది.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి ఎర్మెక్ గారు కనుమ దాటిన కారు దిగి, చెమటలు కక్కుతూ, నీళ్ల సీసా గటగటా ఖాళీ చేస్తూ లోపలికొచ్చి, బాత్రూం ఎటని అడిగాడు.

"దాహం, చెమట, బాత్రూం. ఇడుగో," అన్నాడు తాబల్ది.

"చూశావా, పొట్టే," అంది బురుల్చా.

"నేను కెల్దిబెక్‌ని కాదండీ."

"మతి కూడా తప్పుతోంది పాపం. కాళ్లు పట్టి మంచమెక్కించండి."

సైకాల్ తిరిగొచ్చేసరికి అధికారి మంచం మీద ఉన్నాడు, ఆయన వేలికి దూది ఉంది, జూరాకాన్ అక్క రక్తం తీసుకుని వెళ్లిపోయింది. సైకాల్ అక్కడే గోడకు ఆనుకుని నిజం చెప్పేసింది.

"కెల్దిబెక్ లేడండీ."

"పోయాడా?" అంటూ బురుల్చా ఏడుపు రాగం ఎత్తుకుంది.

"పోలేదత్తా. అసలు పుట్టలేదు."

"మరి ఎవరి తాలూకని చెప్పుకోవాలి మేము?" అన్నాడు తాబల్ది నిష్ఠూరంగా.

ఇంతలో అసనాలి తాత టీ కప్పు, నంజుకోవడానికి జామ్ గిన్నె పట్టుకుని వచ్చి అధికారి పక్కన కూర్చున్నాడు, వెనక జూరాకాన్ అక్క తల దించుకుని నిలబడింది. "ఎంత మంచి గుర్రమైనా ఒక్కోసారి తడబడుతుంది నాయనా," అన్నాడు తాత.

"ఏ గుర్రం?"

"నువ్వే. నీకు షుగరుంది, బాగా ఉంది."

ఎర్మెక్ గారు లేచి కూర్చున్నాడు. "మీ మిషన్ తప్పు."

"అయితే ల్యాబ్ మూసేయాల్సిందేగా సార్," అంది సైకాల్, ఏడుపు గొంతుతో.

"మూసేద్దాం," అన్నాడాయన, ప్రాణం లేచొచ్చినట్టు. ల్యాబ్ తప్పైతే ఆయనకు రోగం లేదు, ల్యాబ్ ఒప్పైతే ఉంది. ఇంత మనసు పెట్టి తప్పులు వెతికిన అధికారిని ఆ ఆసుపత్రి ఎప్పుడూ చూడలేదు. ల్యాబ్‌కు వెళ్లి కంపెనీ ద్రవాన్ని తన చేత్తో మిషన్‌లో పెట్టాడు, సరిగ్గా వచ్చింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ అంతే. ఫ్రిజ్ తెరిచి చల్లదనం చూశాడు, సీసాల గడువు చూశాడు, తాబల్ది రక్తం తీయించాడు, తాబల్ది రాయిలా ఉన్నాడు. తన రక్తం ఇంకోసారి తీయించాడు, ఇందాకటి కంటే కొంచెం ఎక్కువే వచ్చింది.

"ఇంకేదైనా చూస్తారా సార్?" అంది సైకాల్, భయమో ఆశో తనకే తెలియక.

ఆయన ల్యాబ్ సవ్యంగా ఉందని సంతకం పెట్టి, అదే చేత్తో తాత అక్కడికీ మోసుకొచ్చిన జామ్ గిన్నెను జూరాకాన్ అక్క వైపు జరిపాడు.