పచ్చంటే ఏ పచ్చ

వరదకి వంతెన కొట్టుకుపోయిన ఏడాది కాక, ఆ మరుసటి ఏడు మా మనవరాలి పెళ్ళికి రంగు కుదిరింది. వరుడు అంతకు ముందే కుదిరాడు. అదంత చెప్పుకోదగ్గ విషయం కాదు గనక రంగు సంగతే మనవి చేస్తాను.

పిల్లలిద్దరూ ఒకే పశువుల ఆసుపత్రిలో పని చేస్తారు. ఒకరినొకరు ఇష్టపడ్డారు. రెండిళ్ళవాళ్ళనీ ఒప్పించడానికి ఏళ్ళ తరబడి బతిమాలారు. ఆ ఒప్పుకోలు కూడా అతికించిన పింగాణీ కప్పు లాంటిది. ఎక్కడ పట్టుకుంటే ఊడుతుందోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని తిరుగుతున్నారు. అటువంటి సమయంలో పెద్దలు బాగా ఆలోచించి, పువ్వులకీ బట్టలకీ కుర్చీల గుడ్డలకీ ఒకటే రంగు ఉండాలని తీర్మానించి, రంగుల సలహాదారుని పిలిపించారు.

సలహాదారు చాలా గొప్పవాడు. మామూలు మనుషులు వాడే రంగుల పేర్లు ఆయన నోట రావు. మా ముందుగదిలో నిలబడి, గొంతు సవరించుకుని, ఇలా సెలవిచ్చాడు.

"పెద్దలకు నమస్కారం. పెళ్ళి ఒక్క పూటలో అయిపోతుంది, ఫొటో ఉండిపోతుంది. అంచేత వధూవరులు కాస్త అటూ ఇటూగా ఉన్నా సర్దుకోవచ్చు గానీ, వెనకాల పూలు అటూ ఇటూ అయితే వంశానికే మచ్చ. తమకు నేను సూచించేది నవోదయ తృణకాంతి."

అని చిన్న గుడ్డముక్క ఒకటి పైకెత్తి చూపించి, జేబులో పెట్టేసుకున్నాడు. నిమ్మకాయ పండుదామా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు ఉంటుందే, ఆ రంగు. గదిలో ఎవరికీ ఏమీ బోధపడలేదు. బోధపడలేదంటే నామర్దా గనక అందరూ తలలూపారు. చివరికి వరుడి తల్లే ధైర్యం చేసింది.

"అంటే పచ్చే కదా వదినా?" అని మా కోడల్ని అడిగింది.

"పచ్చే వదినా. నాకూ మొదట్నుంచీ పచ్చే మనసులో ఉంది" అంది మా కోడలు.

రెండిళ్ళవాళ్ళూ ఒక్కమాట మీదికి రావడం అదే మొదలు. వియ్యపురాళ్ళు కావలించుకున్నారు. సలహాదారు కళ్ళు తుడుచుకున్నాడు. మనవరాలు నా వంక చూసి, గండం గడిచింది తాతా అన్నట్టు నవ్వింది.

మా ఇంట్లో పచ్చంటే పసుపు. వాళ్ళింట్లో పచ్చంటే ఆకు. ఈ చిన్న సంగతి ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగినవాడు పూలకొట్టు యజమాని ఒక్కడే. ఏ పచ్చండీ అని రెండిళ్ళకీ ఫోన్ చేసి వినయంగా అడిగితే, పచ్చంటే పచ్చేనయ్యా, అదీ తెలియనివాడివి పూలకొట్టెందుకు పెట్టావని రెండిళ్ళలోనూ ఒకటే చీవాట్లు పడ్డాయి. తిట్ల యాసని బట్టి ఎవరి పచ్చ ఏదో అతనే పోల్చుకున్నాడు. మాకు పసుపు చామంతులు తెచ్చాడు. వాళ్ళకి తెల్ల చామంతులు తెచ్చి, కాడలు ఆకురంగు కలిపిన నీళ్ళ బకెట్లలో ముంచాడు. పువ్వులు బుద్ధిగా ఆ నీళ్ళు తాగి ఆకురంగుకి తిరిగాయి. ఆకుకో రంగు, పువ్వుకో రంగు పెట్టుకుని మొక్క ఇన్నాళ్ళూ చేస్తున్న పొరపాటు ఆ విధంగా దిద్దబడింది.

ఒంటి రంగు కుదరని చుట్టాలకి వెనక వరసలో కుర్చీలు వేయాలని సలహాదారు ఆదేశించాడు. అందరూ ఆయన ముందుచూపుని మెచ్చుకున్నారు. కామెర్లు తగ్గీ తగ్గని మా చెల్లెలికి మాత్రం, కళ్ళ రంగు పూలతో సరిగ్గా కలిసిందని మా కోడలు ముందు వరసలో గౌరవస్థానం ఇప్పించింది.

పెళ్ళి రోజున హాలు నడిమికి చీలినట్టు అయింది. ఇటు సగం పసుపు, అటు సగం ఆకు. వియ్యపురాళ్ళు ఒకరి చీర ఒకరు చూసుకుని, కావలించుకోబోయి ఆగిపోయారు. పెళ్ళి నమోదు చేసే అధికారి, మధ్యాహ్నం దాటితే ఉండలేను, ఇంకోచోట పెళ్ళి ఉంది, మళ్ళీ నెలదాకా ఇటు రాను అని ముందే చెప్పి ఓ మూల కూర్చున్నాడు. అతని మాట ఎవరూ వినిపించుకోలేదు. అంతకన్నా ముఖ్యమైన చర్చ మొదలైంది.

వరుడి మేనమామ రైల్వేలో పని చేసి రిటైరైనవాడు. వేదికెక్కి మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా, నా సర్వీసంతా పచ్చజెండా ఊపాను. పచ్చంటే ఆకురంగు కాకపోతే అన్ని రైళ్ళు ఎలా కదిలాయో జవాబు చెప్పండి."

అప్పుడు కోళ్ళఫారం నడిపే మా బావమరిది లేచాడు.

"గుడ్డు పగలగొడితే పచ్చసొన వస్తుంది. అది ఆకురంగులో వస్తే తినేవాళ్ళెవరో చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. అటునుంచి ఒకాయన చొక్కా చెయ్యి పైకి మడిచి పచ్చబొట్టు చూపించాడు. ఇటునుంచి మా చెల్లెల్ని లేపి నిలబెట్టి పచ్చకామెర్లు చూపించారు. ఇరువైపులా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేట్టుంది. ఆ గడ్డి ఏ రంగో అడిగే సాహసం ఎవరూ చెయ్యలేదు.

సలహాదారుని గుడ్డముక్క చూపించమన్నారు. అది చొక్కాతో పాటు ఉతుక్కి వెళ్ళి తెల్లబడిందట. ఉభయ వర్గాల మనోభావాలనూ గౌరవిస్తున్నానని చెప్పి ఆయన కూర్చున్నాడు. రంగు తేలేదాకా పెళ్ళి లేదని మా అబ్బాయి అన్నాడు. వియ్యంకుడూ సరిగ్గా అదే మాటన్నాడు. మళ్ళీ ఏకాభిప్రాయం కుదిరింది.

మనవరాలు నా కుర్చీ పక్కకొచ్చి వంగింది.

"తాతా, ఆ అధికారి చెప్పులేసుకుంటున్నాడు."

"పక్కగది ఖాళీయేనా?"

"గిన్నెలు కడుగుతున్నారు."

"కడగనీ."

పెళ్ళికొడుకు నా వెనకే వస్తూ, "మా అమ్మా నాన్నల్ని పిలవొద్దా తాతగారూ?" అన్నాడు.

"పిలిస్తే రంగు అడుగుతారు నాయనా" అన్నాను.

ఆ గదిలో గోడలకి సున్నం కూడా లేదు. నేల తడిగా ఉంది. అధికారి నిలబడే చదివాడు. పిల్లలు సంతకాలు పెట్టారు. సాక్షులుగా నేనూ, బకెట్లు తీసుకుపోవడానికి వచ్చిన పూలకొట్టు యజమానీ పెట్టాం. మనవరాలు నవ్వుతూ ఏడ్చింది. ఏ రంగు చీరలో ఉందో నేను గమనించలేదు. తరవాత ఇద్దరూ వెనక గుమ్మంలోంచి వెళ్ళి బస్సెక్కారు.

హాల్లో సమస్య సాయంత్రానికి పరిష్కారమైంది. ఫొటోలవాడు తన మిషన్లో మాకు అంతా పసుపుగానూ, వాళ్ళకి అంతా ఆకురంగులోనూ చేసి ఇస్తానన్నాడు. మైకులో చప్పట్లు కొట్టమన్నారు, కొట్టాం. తీరా ఫొటోకి జంట కోసం చూస్తే జంట లేదు. పెళ్ళయిపోయింది, వెళ్ళిపోయారు అన్నాను. ఎప్పుడయిందని ఎవరూ అడగలేదు. మరి ఫొటోలో ఎవర్ని నిలబెట్టాలి అని అడిగారు. సలహాదారు చుట్టాల్లోంచి ఈడూ జోడూ కలిసిన ఇద్దర్ని ఏరి, మొహాలు కనపడకుండా వీపు తిప్పి నిలబెట్టాడు. ఫొటోలు అద్భుతంగా వచ్చాయి.

మర్నాడు పొద్దున చొక్కా తొడుక్కుని నేను సలహాదారు ఇంటికి వెళ్ళాను. నేనింక ఎంతోకాలం ఉండను. పోయినరోజున నన్ను వరండాలో పడుకోబెట్టి, మీద వేసే పూలు ఏ రంగువని మావాళ్ళు మొదలుపెడితే, లేచి పక్కగదిలోకి పోయే వీలు నాకుండదు. ముందే తేల్చుకుంటే మంచిది. ఆయన గుమ్మం ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. నిన్నటి ఘనవిజయం అప్పుడే నలుగురికీ పాకినట్టుంది. చివర నిలబడ్డాను. కాసేపటికి వెనకనుంచి, "వరస ఇదేనాండీ?" అని ఎవరో అడిగారు.

తిరిగి చూస్తే మీరే.